జోడు పెద్దలు

ఆ ఎండాకాలం మా అత్త దేవునర్రకు తాళం వేసింది.

పెళ్లయి నేను ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ గదికి గొళ్లెం తప్ప మరేమీ చూడలేదు. నస్పూర్ నుంచి నా సామాను తెచ్చిన ట్రాలీ ఆటో వాకిట్లో ఆగగానే నా చూపు మొదట ఆ తాళం మీదనే పడింది. కొత్తది. దుకాణంలో అంటించిన చీటీ సగం చిరిగి ఇంకా దానికే ఉంది.

“తాళమెందుకత్తమ్మా?” అని అడిగాను.

“కోతులు మస్తయినయ్ బిడ్డా” అంది మా అత్త చంద్రవ్వ.

కోతులు ఎక్కువైన మాట నిజమే. కానీ పక్కనే బియ్యం, పల్లీలు ఉన్న అర్రకు తాళం లేదు.

జనవరిలో నా భర్త లక్ష్మీరాజం బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ ముందుకు ఒరిగాడు. ఒక బూటు ఆయనే విప్పాడు. రెండోది ఆస్పత్రిలో నర్సు విప్పింది. దాని గురించి ఇంతకంటే రాయను. మాకు పిల్లలు లేరు. కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాల్సి వచ్చింది. నేను నస్పూర్‌లో సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. సెలవులు అయ్యేదాకా పెద్దపల్లి దగ్గరున్న అత్తగారి ఊళ్లో ఉండి, బడి తెరిచే ముందు నస్పూర్‌లోనే ఒక అర్ర కిరాయికి తీసుకోవాలనుకున్నాను.

ఆ సెలవుల్లో నాకున్న పని ఒక్కటే. ఆయన రూపు చేయించి దేవునర్రలో ఉండే దేవుని పెట్టెలో పెట్టించాలి.

మా అత్తగారిది గొర్లు కాసిన వంశం. ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ల బొమ్మను బొటనవేలంత వెండి రేకు మీద కొట్టించి, పసుపు బట్టలో చుట్టి పాత పెద్దల పక్కన పెడతారు. దాన్నే రూపు అంటారు. పోయిన తర్వాత వచ్చే మొదటి మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, కొత్త రూపును పెద్దల్లో కలపడం ఆ ఇంటి పద్ధతి. అప్పటిదాకా పోయినవాళ్లు వాకిట్లోనే నిలబడి ఉంటారని మా అత్త అంటుంది.

పెట్టెలోని రూపులన్నీ పలచని రేకులు, ఒక్కటి తప్ప. అది గుండ్రంగా, మందంగా ఉంటుంది. ఒక పక్క ఒక మగమనిషి తల. చెంప మీద ఎవరో ఎప్పుడో ఉలితో పెట్టిన గాటు. రెండో పక్క ఇద్దరు పిల్లలు నిలబడి ఉంటారు. ఒంటి నిండా బట్ట కప్పుకుని, పక్కన గుండ్రటివి రెండు ఆనించుకుని, వెనక కర్రలతో. వాళ్ల తలల మధ్య ఒక గంటె, ఒక వంకీ కర్ర.

ఇంట్లో దానికి జోడు పెద్దలని పేరు. ఇద్దరు అన్నదమ్ములు గొంగళ్లు కప్పుకుని, డోళ్లు పట్టుకుని, గొర్లను తోలుకుని వాగు దాటి పోయారు, మళ్లీ రాలేదు. వంకీ కర్ర గొర్ల కట్టె. గంటె వాళ్ల తల్లిది, అంబలి పోసి పంపిన గంటె. రెండో పక్కనున్న మనిషి వాళ్ల తండ్రి. అంచు చుట్టూ ఉన్నది పూల తీగ.

కిందటేడు పెత్రమాసకు, పెద్దలకు పెట్టే అమావాస్యకు, మా అత్త రూపులు తోమమని నాకు ఇచ్చింది. చింతపండుతో రుద్దుతుంటే ఆ పూల తీగలో నాకు అక్షరాలు కనిపించాయి. పెద్దపల్లి దగ్గరి దిబ్బల్లో రోమన్ నాణేలు దొరికాయని ఏటా పాఠం చెప్తాను. బొమ్మలు కూడా చూపిస్తాను. చింతపండు చేతులతోనే చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ తల అగస్టస్‌ది. ఆ పిల్లలు గాయస్, లూషియస్. ఆయన కూతురి కొడుకులు. దత్తత తీసుకుని తన కొడుకుల్ని చేసుకున్నాడు. తన తర్వాత రాజ్యం వాళ్లదే అనుకున్నాడు. ఆయన బతికుండగానే ఇద్దరూ దూరదేశాల్లో పోయారు. డోళ్లనుకున్నవి డాళ్లు, వెనక కర్రలు ఈటెలు. గంటె దేవతలకు ధారపోసే గరిటె. గొర్ల కట్టె పిట్టల్ని చూసి శకునం చెప్పే పూజారి చేతి కర్ర.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. ఆయన నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎవరికీ చెప్పకు” అన్నాడు. “చెప్తే గది పైసలైతది. ముఖ్యంగ మా కొమురెల్లికి చెప్పకు. వాని చేతిల వడితె రేపటికుండది.”

తర్వాత నవ్వి, “నేను పోతే నన్ను గీ పోరగాండ్ల పక్కకే వెట్టుండ్రి. గొర్లు కాసుకుంట కూసుంట” అన్నాడు.

అందుకే ఆ తాళం నన్ను అంతగా కలవరపెట్టింది.

*

కొమురెల్లి నా మరిది. యాసంగి వడ్లు కొనుగోలు సెంటర్‌లో పోసి కాంటా కోసం ఎదురుచూస్తున్నాడు. పగలంతా కుప్పల దగ్గరే ఉండి, మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాడు. అన్నం ముందు కూర్చోగానే ఫోన్ మోగేది. అందరి ముందే మాట్లాడే మనిషి, ఆ ఫోన్ వస్తే మాత్రం చేయి కడుక్కోకుండానే వాకిట్లో బండి దాకా పోయేవాడు.

ఒకరోజు కిటికీ దగ్గర గిన్నెలు సర్దుతూ, అతను తల్లి మాట ఎత్తడం విన్నాను.

“అవ్వ ఒప్పుకోదు సార్… వదినె గూడ గిక్కన్నే ఉన్నది… జర ఆగుండ్రి, నేనే చెప్త.”

లోపలికి వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

“వదినె, పాతకాలం పైసలు దొరికితె సర్కారుకియ్యాల్నా?”

“భూమిలో దొరికితే కలెక్టర్‌కు చెప్పాలె.”

“ఇంట్ల ఉన్నయైతె?”

“ఎందుకడుగుతున్నవ్?”

“ఊకెనే. సెంటర్ల ముచ్చటొచ్చింది.”

వడ్ల సెంటర్‌లో తేమ ముచ్చట వస్తుంది, లారీల ముచ్చట వస్తుంది. పాతకాలం పైసల ముచ్చట ఎందుకు వస్తుంది? నేను ఇంకో గంటెడు పప్పు వేశాను. అతను కాదనలేదు.

కొన్నాళ్లకు తెల్ల కారొకటి వాకిట్లో ఆగింది. దిగిన పెద్దమనిషి పేరు రామేశ్వర్‌రావు. కరీంనగర్‌లో ఉంటాడు. పాత నాణేలు, రాతి పూసలు పోగుచేయడం ఆయనకు సరదా అని కొమురెల్లి పరిచయం చేశాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

“మీ ఇంట్లో పాత రూపులు ఉన్నాయని విన్నాను చంద్రవ్వగారూ. ఒకసారి చూసి పోతాను. చేత్తో ముట్టను.”

“మైల ఉన్నది సారూ. ఏడాది దాటందె పెట్టె తీయద్దు” అంది మా అత్త.

“మైల ఉంటే మరి మజ్జిగెట్లా ఇచ్చారమ్మా?” అని నవ్వాడాయన.

“మజ్జిగకు మైల లేదు. ఇంక జర పొయ్యమంటవా?”

ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. లేచేటప్పుడు నన్నూ, దేవునర్ర తాళాన్నీ ఒకే చూపులో చూశాడు. కారు పోయాక కొమురెల్లి సెంటర్‌కు పోతున్నానని బండి తీశాడు. సెంటర్ ఎడమవైపు. అతను కారు పోయిన కుడివైపు పోయాడు.

నా ఏరాలు, కొమురెల్లి భార్య వినోద అరుగు మీద గ్లాసు తీస్తూ, “ఏందక్కా గట్ల సూస్తున్నవ్? మీ మరిది కారెంబడి పోతె పోయిండు, నీ సూపు గూడ ఎప్పుడు సూసినా గా తాళం మీదనే ఉంటది గదా” అంది.

“కొత్త తాళం కదా. మెరుస్తుంది” అన్నాను.

“ఔ, మెరుస్తది” అంది వినోద, గ్లాసు అడుగున మిగిలిన మజ్జిగను జామచెట్టు మొదట్లో పోస్తూ.

ఆ రోజు నుంచి నేను పగలు కునుకు తీయడం మానేశాను.

*

మే నెల మధ్యలో అత్త నన్ను పెద్దపల్లి తీసుకుపోయింది, రూపు చేయమని చెప్పడానికి. పొద్దున్నే స్నానం చేసి, దేవునర్రలోకి ఒక్కతే పోయి తలుపు దగ్గరకు వేసుకుంది. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో చిన్న మూట ఉంది. ఆటోలో ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఏముందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

వెండిబంగారాల పని చేసే అవుసల బుచ్చిరాములు దుకాణం ఒక గల్లీలో ఉంది. కూలర్ గాలికి ఆయన ముందున్న కాగితాలు ఎగురుతున్నాయి. వాటి మీద పట్టకారు పెట్టాడు.

“టీచరమ్మా, మొగోళ్ల అచ్చు నా తాన ఒక్కటే ఉన్నది. మీసాలుంటయ్. చేతిల ఏం వెట్టాలె? కట్టె వెడుదునా?”

“ఆయన గొర్లు కాయలేదు” అన్నాను.

“మరి నాగలి?”

“దున్నలేదు.”

“మరేం జేసిండమ్మా?” అన్నాడు చేతులు ఎత్తేసి.

“బాయిల వని” అంది అత్త.

చచ్చిపోయిన మనిషి చేతిలో ఏముండాలో బతికున్నవాళ్లే తేల్చాలి. రోమ్‌లో ఆ తాత కూడా ఒకరోజు ఇలాగే కూర్చుని ఉంటాడనుకున్నాను. తన మనవళ్లకు ఒక గరిటె, ఒక కర్ర. వాళ్లు దేవుళ్ల పని చేసేవాళ్లని లోకానికి తెలియాలని.

“టోపీకి దీపం పెట్టండి” అన్నాను. “బాయిలో దిగేటప్పుడు నెత్తి మీద దీపం ఉంటది.”

బుచ్చిరాములు కాగితం మీద గీసి చూపించాడు. నొసటి మీద ఒక చుక్క. దీపమనుకుంటే దీపం, బొట్టనుకుంటే బొట్టు.

“గట్లనే ఉండనీ. రెండూ గావాలె” అంది అత్త. తర్వాత నాతో, “ఉమా, జర తమలపాకులు వట్కరాపో. బుచ్చిరాములుకు తాంబూలం వెట్టాలె” అంది.

తమలపాకులు గల్లీ చివరే దొరికాయి. నేను తిరిగి వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడటం ఆపేశారు. అత్త ఒళ్లో మూట లేదు. ఆమె ఆ పసుపు బట్టను నాలుగు మడతలు పెట్టి నడుము సంచిలో దోపుకుంటోంది.

“మూటలో ఏముండె అత్తమ్మా?”

“మా అత్త కాలం కడియం. దాని వెండితోనే కొట్టుమన్న.”

బుచ్చిరాములు తలెత్తకుండా తమలపాకులు తుడుచుకున్నాడు. మా అత్త కాలి కడియాలు ఏనాడో బోరు వేయించడానికి అమ్మారని మా ఆయన చెప్పిన మాట దారిలో గుర్తొచ్చింది. అవి ఆమెవి, వాళ్లత్తవి కావు అనుకున్నాను. అలా అనుకుని ఊరుకోవడానికి చాలా ప్రయత్నించాను.

*

మిరుగం ఇంకా రాకముందే వాన వచ్చింది. సాయంత్రం ఆరింటికి ఆకాశం ఒక్కసారి పసుపుగా మారి, దుమ్ము లేచింది. “వడ్లు తడుస్తున్నయ్” అని కొమురెల్లి ఫోన్‌లో అరిచాడు. వినోద, నేను, అత్త, ఉన్నవాళ్లం ఉన్నట్టే సెంటర్‌కు ఉరికాం. కుప్పల మీద పరదాలు గాలికి లేచిపోతున్నాయి. ఒక్కొక్కరం ఒక్కో మూల మీద కూర్చున్నాం. అత్త తన మూల మీద పడుకుంది.

“వదినె, ఇంట్ల ఇంకో పరదా ఉన్నది, ఉరుకు!” అన్నాడు కొమురెల్లి.

నేను ఇంటికి ఉరికాను. పరదా దూలం మీద ఉంది. దాన్ని దించుతుంటే దేవునర్ర తలుపు గాలికి కొట్టుకుంటూ కనిపించింది. దీపం పెట్టే వేళకు పిలుపు రావడంతో అత్త అలాగే వదిలేసి వచ్చింది. తాళం తెరిచి గొళ్లేనికి వేలాడుతోంది.

పరదా కింద పడేశాను.

పెట్టె మూత తీసి పసుపు బట్ట విప్పాను. మామ రూపు ఉంది. ఆయన తల్లిదండ్రులవి ఉన్నాయి. ఎవరిదో చిన్నపిల్ల రూపు ఉంది. జోడు పెద్దలు లేరు. బట్ట దులిపాను. పెట్టెను బోర్లించాను. కుంకుమ రాలింది.

“ఏడ వెట్టినవ్ వదినె?”

కొమురెల్లి గడపలో నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద. తాడు కోసం వచ్చినట్టున్నాడు. అతని చూపు నా చేతుల మీద, నా చేతులకున్న కుంకుమ మీద ఉంది.

“అది నేనడగాలె. ఆ రావు ఎంతకు అడిగిండు?”

“నేనా? తలుపు తీసి పెట్టె బోర్లేసింది నువ్వు, దొంగను నేనా?” అన్నాడు. “అన్న అన్నడు. సరిగ్గ గిట్లనే జేస్తవని అన్నడు.”

“ఏమన్నడు?”

“గది రోమ్ రాజు పైసనట. మీ వదినెకు తెలుసు, కని నీకు తెలిసినట్టు ఆమెకు చెప్పకు, ఆమె తెలిస్తె సర్కారుకు అప్పజెప్తది, టీచర్ కదా అన్నడు.”

వాన పెంకుల మీద గట్టిగా కొడుతోంది. నేను చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

“నాతో, నీకు చెప్పద్దన్నడు” అన్నాను. “నీ చేతిలో పడితే రేపటికి ఉండదన్నడు.”

కొమురెల్లి గడప దాటి లోపలికి వచ్చాడు.

“అమ్ముకోనీకి కాదు వదినె. నువ్వు సర్కారుకు చెప్తె, దాసిపెట్టినందుకు అవ్వను ఠాణాకు తీస్కపోతరేమోనని పరేషాన్. గందుకే రావు సార్‌ను అడిగిన. ఆయన సూస్తనన్నడు.”

అది నిజమో, అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

వాకిట్లో చప్పుడైంది. అత్త వచ్చింది. చీరంతా వడ్ల గింజలు అంటుకుని ఉన్నాయి. తెరిచిన పెట్టెను, మమ్మల్నిద్దరినీ చూసింది. గడప మీద కూర్చుంది.

“అవ్వా, జోడు పెద్దలు లేరే” అన్నాడు కొమురెల్లి.

“లేరు.”

“నీకెట్ల తెల్సు?”

“నాకు తెల్వకుంట పోతరా?” అంది. “రాజం నాకు గూడ చెప్పిండు. అవ్వా, గిది ఎక్కడిదో దూరదేశపు రాజుది, తమ్మునికి చెప్పకు, ఉమకు చెప్పకు అన్నడు.”

నేను కొమురెల్లి వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. జనవరి తర్వాత నాకు మొదటిసారి నవ్వొచ్చింది. ఆయన ముగ్గురికీ చెప్పాడు. ముగ్గురినీ చెప్పొద్దన్నాడు. కొమురెల్లి కూడా నవ్వబోయి, ముఖానికి భుజం మీది తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. కొంతసేపటి దాకా దాన్ని తీయలేదు.

“మరేడున్నరు అత్తమ్మా?”

“బుచ్చిరాములు తాన. కరిగిచ్చి రాజం రూపుల కలుపుమన్న.”

నేను గోడకు ఆనుకున్నాను. రెండు వేల ఏళ్లు. సముద్రం దాటి, వాగు దాటి వచ్చిన వెండి.

“నీకు మతి ఉన్నాదే అవ్వా!” అని అరిచాడు కొమురెల్లి.

“ఎందుకురా ఒర్రుతవ్? రాజమే చెప్పిండు. బాయిల ఒక్కన్ని దింపరట. ఎంత పెద్ద పనోడైనా జోడుతోనే దింపుతరట. అండ్ల చీకటుంటదట.” కొంగుకు అంటుకున్న వడ్ల గింజ ఒకటి తీసి చేతిలో పట్టుకుంది. “నా కొడుకును ఒక్కన్ని ఎట్ల పంపుత?”

ఆ గింజను నడుము సంచిలో వేసుకుని మా ఇద్దరి వైపు తిరిగింది.

“ఇంకోటి. మీరిద్దరు గా పెట్టె దిక్కు సూసుడు, ఒకల దిక్కు ఒకలు సూసుడు నాకు కనవడ్తలేదా? గుడ్డిదాన్ననుకున్నరా?”

“ఇంకా కరిగించి ఉండడు” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను. అప్పటికే కొమురెల్లి ఫోన్ తీశాడు. బుచ్చిరాములు మొదటి రింగుకే ఎత్తాడు. స్పీకర్‌లో ఆయన మాట స్పష్టంగా వినిపించింది.

“ఎప్పుడో అయిపోయింది కొమురెల్లీ. అవ్వ ఇచ్చిన దినమే కరిగిచ్చిన.”

అడగకముందే చెప్పాడు.

*

మిరుగానికి ముందురోజు ముగ్గురం పోయి రూపు తెచ్చుకున్నాం. బుచ్చిరాములు దాన్ని ఎర్ర కాగితంలో పెట్టి ఇచ్చాడు. మీసాలున్న మనిషి, నిలువు చేతులు, నొసటి మీద చుక్క. మా ఆయన పోలిక ఎక్కడా లేదు. అయినా చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టడం కష్టమైంది.

వెండి తెల్లగా ఉంది. చాలా తెల్లగా. మెరుగు పెడితే ఏ వెండి అయినా అలాగే ఉంటుందనుకున్నాను.

“జోడు పెద్దలు గిండ్లనే ఉన్నరా బుచ్చిరాములూ?” అని అడిగింది అత్త.

“గిండ్లనే ఉన్నరవ్వా. ఏడికి వోతరు?” అన్నాడాయన. అంటూ కూలర్‌లో నీళ్లున్నాయో లేవో చూడడానికి లేచాడు.

కొమురెల్లి దుకాణంలో ఏమీ అనలేదు. బయట బండి దగ్గర, అత్త ఆటో ఎక్కాక, నా పక్కకు వచ్చాడు.

“కరిగియ్యలే వదినె. ఆనికి తెల్వదా అదేందో? గంత పిచ్చోడా? గీ రూపు ఆని దుకాణంల వెండి. కరీంనగర్‌ల మిషనున్నది, జరంత గీకి పెడితె అండ్ల ఏమేం కలిసిందో అన్నీ చెప్తది. రేపు మిరుగం దాటితె పెట్టెల వడ్తది, మళ్ల తీయరాదు. గియ్యాల్నే పోదాం. అబద్ధమని తేలితె ఆని మెడలు వట్టి తీస్కరావచ్చు.”

అతని మాటలో తప్పులేదు. నేనూ అదే అనుకున్నాను. ఆ జవాబు అంత తొందరగా రావడం, ఆ చూపు తిప్పుకోవడం, ఆ తెలుపు, అన్నీ లెక్క కట్టుకున్నాను. పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఆ ఇద్దరు పిల్లలూ దొరకవచ్చు. ఎక్కడో ఒక మ్యూజియంలో అద్దం వెనక ఉండవచ్చు. దేన్నైనా సరిచూసుకోవాలని పిల్లలకు చెప్పేదాన్ని నేను.

అబద్ధమని తేలితే, మా అత్త చేతిలో మిగిలేది దుకాణం వెండి. కొడుకు ఆ చీకట్లో ఒక్కడే.

ఎర్ర కాగితం నా చేతిలోనే ఉంది. కొమురెల్లి చేయి చాపాడు.

“గీకేది ఎవర్ని?” అన్నాను.

అతను చేయి అలాగే ఉంచాడు. నేను కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. వెనక్కి చూస్తే, కొమురెల్లి బండి స్టార్ట్ చేయకుండా నన్నే చూస్తున్నాడు. రావు కారు పోయిన రోజు నేను అతన్ని చూసినట్టే.

మిరుగం నాడు ఇంట్లో చేపలు వండారు. దేవునర్రలో అత్త కొత్త రూపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పెద్దల మధ్య పడుకోబెట్టింది. విస్తరి తెచ్చి అన్నం, చేపల పులుసు వడ్డించింది. తర్వాత ఆ అన్నాన్ని మూడు ముద్దలు చేసింది. ఒకటి మధ్యలో, రెండు అటూ ఇటూ. మధ్య ముద్ద మీద గంటెతో కాస్త పులుసు ఎక్కువ పోసింది.

“తినుండ్రి కొడుకా” అంది. “జర నిమ్మలంగ తినుండ్రి. ముండ్లుంటయ్.”

ఆమెకు ఇంకే అనుమానమూ లేదు. ఆ అర్రలో అనుమానం లేని మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు పంపు దగ్గర వినోద పక్కింటామెతో అంటున్న మాట గోడ ఇవతలికి వినిపించింది. “పరీక్ష వెట్టియ్యద్దని అడ్డం వడ్డది. ఏమున్నదో, ఏం లేదో. అవుసలాయన, టీచరమ్మ ఏమనుకున్నరో మనకేం ఎరుక?” నేను బకెట్ తీసుకుని అటే వెళ్లాను. వాళ్లు నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. నీళ్లు పట్టుకుని వచ్చేశాను.

కొమురెల్లి ఆ మాట నా ముఖం మీద ఎప్పుడూ అనలేదు. కానీ ఇప్పుడు నాతో మాట్లాడేటప్పుడు, చెప్పబోయింది ఆపి ఇంకోటి చెప్తాడు. ఆ అనుమానాన్ని పోగొట్టవచ్చు. రూపు తీసి అతని చేతిలో పెడితే చాలు. పెట్టలేదు. ఇక పెట్టను.

బడి తెరిచే ముందురోజు బయలుదేరాను. సంచులు అరుగు మీద పెట్టి లోపలికి చెప్పడానికి పోతే, దేవునర్ర తలుపుకు గొళ్లెం ఒక్కటే ఉంది. తాళం అత్త చేతిలో ఉంది, చెవితో సహా.

“తీస్కపో బిడ్డా. కిరాయి అర్రకు పనికొస్తది. నస్పూర్‌ల మంచి తాళాలు దొరకయ్.”

“మరి కోతులొస్తే?”

“అస్తయ్. అచ్చి ఏం జేస్తయ్?”

కొమురెల్లి నన్ను బండి మీద బస్సు దాకా దింపాడు. సంచులు ఎక్కించి, “ఫోన్ చెయ్యి వదినె” అన్నాడు. ఇంకేదో అనబోయి, డ్రైవర్‌తో, “జర నిమ్మలంగ పోనియ్యన్నా” అన్నాడు.

పెద్దపల్లిలో బస్సు బుచ్చిరాములు దుకాణమున్న గల్లీ ముందు ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. నేను కిటికీలోంచి అటు చూడలేదు. ఒళ్లో సంచిలో తాళం ఉంది. చీటీ ఊడిపోయిన చోట జిగురు ఇంకా పోలేదు. వేలికి అంటుకుంది.